క్యాసెట్టు రెండో వైపు

2002లో జీడిమెట్లలోని ఒక మందుల కర్మాగారంలో, నాణ్యత పరీక్షల విభాగంలో ఉద్యోగానికి చేరిన కొత్తలో, నాతో పాటు అద్దె గదిలో ఉండే మిత్రుడు ఊరికి వెళ్తూ వెళ్తూ ఒక 90 నిమిషాల క్యాసెట్టు నా చేతిలో పెట్టి పోయాడు. ఎవరి దగ్గరో దొరికిన రెండు సీడీల నుంచి తానే ఎక్కించుకున్నాడట. అట్ట మీద బొమ్మ లేదు, పాటల పేర్లు లేవు. నీలి సిరాతో ఒక వైపు "క్వీన్స్ 1" అనీ, మరో వైపు "క్వీన్స్ 2" అనీ రాసి ఉంది, అంతే. క్వీన్స్ ఆఫ్ ద స్టోన్ ఏజ్ అనే అమెరికా రాక్ బృందం 1998లో వెలువరించిన తొలి ఆల్బమ్ మొదటి వైపునా, 2000 జూన్‌లో వెలువరించిన రెండో ఆల్బమ్ "రేటెడ్ ఆర్" రెండో వైపునా ఉన్నాయని నేను తెలుసుకోవడానికి చాలా నెలలు పట్టింది.

ఆ నెలలన్నీ నేను మొదటి వైపే విన్నాను. కంపెనీ బస్సులో కిటికీ పక్క సీటు, చెవుల్లో వాక్‌మన్, లోపల ఒకే లయను విడిచిపెట్టకుండా దంచుతున్న గిటారు. పెన్సిల్ సెల్లులు అయిపోవస్తున్నప్పుడు వాక్‌మన్ నెమ్మదించి శ్రుతి కిందికి జారుతుంది గదా, ఈ బృందం విషయంలో అది లోపంగా కూడా తోచేది కాదు. అసలే మంద్రంగా ఉన్న గిటారు మరింత మంద్రమై, బస్సు ఇంజనుతో కలిసిపోయి, ఇంకా బాగుందనిపించేది. రెండో వైపు ఒకటి రెండు సార్లు పెట్టి చూశాను. మొదటి పాట ఊపుగానే ఉంది. తరువాత ఏదో లోహపు పలకల మీద కొడుతున్న తియ్యటి మోత, గుసగుసలాంటి గొంతులు, చేత్తో వాయించే డ్రమ్ములు, గిటారు ఉందో లేదో తెలియని పాటలు వచ్చాయి. కుర్రాళ్లకు డబ్బు అందింది, మెత్తబడ్డారు అని తీర్మానించుకుని, క్యాసెట్టు తిరగేసేశాను.

ఆ తీర్మానం ఎందుకు తప్పో చెప్పాలంటే కొంత వెనక్కి వెళ్లాలి. ఈ బృందానికి కర్త జాష్ హోమీ అనే గిటారిస్టు. దక్షిణ కాలిఫోర్నియాలో పామ్ డెజర్ట్ అనే ఊళ్లో, ఇంకా బడి వయసులో ఉండగానే, అతడు కయస్ అనే బృందంలో చేరాడు. చుట్టూ ఎడారే కనుక ఆ కుర్రాళ్లు ఊరి బయటికి జనరేటరు మోసుకుపోయి, ఇసుకలో దాన్ని నడిపి, దాని కరెంటుతోనే కచేరీలు చేసేవారు. హోమీ గిటారు శ్రుతిని మామూలు స్థాయి నుంచి నాలుగు మెట్లు దించి, అంటే హార్మోనియం మీద నాలుగు రీడ్ల దూరం కిందికి తెచ్చి, దాన్ని బాస్ గిటారు కోసం చేసిన ఆంప్లిఫయరులో వాయించేవాడు. తీగ వదులైపోయి, కొట్టిన స్వరం అంచులు చెదిరి, ఒండ్రు నీరు పారినట్టు వస్తుంది ఆ ధ్వని. 1992 నుంచి 1995 వరకు వచ్చిన మూడు కయస్ ఆల్బమ్‌ల బరువంతా అందులోనే ఉంది. 1995లో ఆ బృందం విడిపోయాక హోమీ కొంతకాలం సియాటిల్ వెళ్లి, స్క్రీమింగ్ ట్రీస్ అనే బృందం కచేరీలలో రెండో గిటారిస్టుగా ఊళ్లు తిరిగాడు. ఆ బృందపు గాయకుడు మార్క్ లానెగన్. ఈ పేరు మళ్లీ వస్తుంది.

తిరిగి వచ్చి హోమీ పెట్టిన బృందానికి మొదట గామా రే అని పేరు పెట్టుకున్నాడు. అదే పేరుతో జర్మనీలో మరో బృందం అప్పటికే ఉండడంతో మార్చక తప్పలేదు. కయస్ రికార్డులను నిర్మించిన క్రిస్ గాస్ సరదాగా అన్న "రాతియుగపు రాణులు" అనే మాట అలా పేరైంది. రాజులు అని పెట్టుకుంటే మరీ మగసిరి చూపించుకున్నట్టు ఉంటుందని హోమీ ఆ తరువాత వివరించాడు. పేరులోని ఆ చమత్కారం ఊరికే అన్నది కాదని రెండో ఆల్బమ్ విన్నవాళ్లకు తెలుస్తుంది.

తొలి ఆల్బమ్‌లో ఇద్దరే మనుషులు. డ్రమ్ములు ఆల్ఫ్రెడో హెర్నాండెజ్‌వి. గిటారు, గొంతు, బాస్ కూడా హోమీవే, కాకపోతే బాస్‌కు ఒక మారుపేరు తగిలించుకున్నాడు. పాటల కట్టుబడి చూస్తే ఒక చిన్న గిటారు పలుకును తీసుకుని, కదపకుండా, అలంకరించకుండా, తిరగలి తిప్పినట్టు తిప్పుతూ పోవడమే. కయస్‌లోని ఒండ్రు ధ్వని ఇక్కడ ఎండి గట్టిపడింది; ప్రతి దెబ్బ తరువాత తీగను అరచేత్తో అదిమి నోరు మూయిస్తాడు. హోమీ చిన్నప్పుడు గిటారు నేర్చుకున్నది పోల్కా అనే నాట్య సంగీతం వాయించే ఉపాధ్యాయుడి దగ్గరట. ఆ తెగ్గొట్టిన లయ, ఆ గెంతు ఎక్కడివో ఈ సంగతి తెలిశాక నాకు తట్టింది. బరువు అంటే గట్టిగా మోగడం కాదు, ఆగకుండా మోగడం అని ఆ ఆల్బమ్ నాకు నేర్పింది. నేర్పి, అక్కడే నన్ను కట్టేసింది కూడా.

ఇక్కడ క్యాసెట్టు చేసిన మోసం ఒకటి చెప్పాలి. 90 నిమిషాల క్యాసెట్టులో ఒక్కో వైపు పట్టేది 45 నిమిషాలు. తొలి ఆల్బమ్ నిడివి 46 నిమిషాలకు కాస్త పైన. అందువల్ల నా మొదటి వైపు చివరి పాట ఆఖర్లో టక్కున తెగిపోయేది. ఆ తెగిపోయిన ముక్కలో ఏముందో నాకు ఏళ్ల తరబడి తెలియదు. తెలిసి ఉంటే రెండో వైపును అంత తేలిగ్గా తీసిపారేసేవాణ్ని కాదేమో. దాని సంగతి చివర్లో చెబుతాను.

రెండో వైపు మొదటి పాటలో సాహిత్యం అనదగినదేమీ లేదు. నికోటిన్, వాలియం, వైకోడిన్, గంజాయి, ఎక్‌స్టసీ, మద్యం అని ఒక జాబితా. పల్లవిగా కొకెయిన్ అనే మాటను నత్తిగా సాగదీసి అరవడం. అంతే పాట. ఉద్యోగరీత్యా రోజూ మందుల పేర్లు లేబుళ్ల మీద రాసుకునే నాకు ఇది స్టాకు రిజిస్టరు చదువుతున్నట్టు వినిపించి నవ్వు వచ్చింది. వాలియం అంటే మాకు డయాజెపామ్. వైకోడిన్ అంటే హైడ్రోకోడోన్‌తో పాటు మన పారాసిటమాల్. మెచ్చుకోలూ లేదు, మందలింపూ లేదు, తూకం వేసి వరసగా పేర్చడమే ఉంది. ఈ పల్లవి అరిచిన గొంతులలో జూడాస్ ప్రీస్ట్ అనే బ్రిటిష్ హెవీ మెటల్ బృందపు గాయకుడు రాబ్ హాల్‌ఫర్డ్‌ది ఒకటి. ఆయన పక్క స్టూడియోలో తన పని చేసుకుంటుంటే వీళ్లు పిలిచారు, ఆయన వచ్చి ఆ జాబితా చదివి వెళ్లాడు. అయిదో పాట పేరు కూడా నా వృత్తికి సంబంధించినదే: "బెటర్ లివింగ్ త్రూ కెమిస్ట్రీ". అమెరికా రసాయనాల కంపెనీ డ్యూపాంట్ 1935 నుంచి వాడిన వ్యాపార నినాదంలో చివరి మాటలను వీళ్లు వెటకారంగా తెచ్చి పెట్టుకున్నారు. కెమిస్ట్రీ చదివి, దానితోనే పొట్ట పోసుకుంటున్నవాడికి ఆ వెటకారం రెండు వైపులా తగులుతుంది.

అయితే నేను మనసు మార్చుకున్నది ఆ జాబితా పాట వల్ల కాదు. మా ప్రయోగశాలలో హెచ్‌పీఎల్‌సీ అనే యంత్రం ఉండేది. మందు నమూనాను ద్రవంతో కలిపి ఒక సన్నని గొట్టంలోంచి పంపితే, అందులోని పదార్థాలు ఒక్కొక్కటిగా విడిపోయి బయటికి వస్తాయి. వచ్చినప్పుడల్లా కాగితం మీద గీత పైకి లేచి శిఖరంలా నిలుస్తుంది. నమూనా ఎక్కించే ముందు మాత్రం ఏమీ లేని ద్రవాన్నే చాలాసేపు పంపి, బేస్‌లైన్ అనే అడుగు గీత కదలకుండా తిన్నగా వచ్చే దాకా కూర్చోవాలి. అడుగు గీత వణుకుతున్నంతసేపు పైన ఎంత ఎత్తు శిఖరం వచ్చినా దాన్ని లెక్కలోకి తీసుకోరు. ఒక రాత్రి డ్యూటీలో అలా తిన్నని గీతను చూస్తూ కూర్చున్నప్పుడు, అంతకు ముందు ఒకటి రెండు సార్లు మాత్రమే విన్న ఒక బాస్ గిటారు పలుకు, ఎవరూ అడగకుండానే, నా తలలో తిరగడం మొదలుపెట్టింది. ప్రయోగశాలలోకి వాక్‌మన్ తేకూడదు. ఆరింటికి డ్యూటీ దిగి, బస్సులో కూర్చుని, క్యాసెట్టును రెండో వైపుకు తిప్పి, ఆ పలుకు ఎక్కడుందో వెతుక్కుంటూ రీలు ముందుకు నడిపించాను. ఎనిమిదో పాటలో దొరికింది.

"ఇన్ ద ఫేడ్" అనే ఆ పాటను పాడింది మార్క్ లానెగన్. సియాటిల్ రోజుల నాటి పాత స్నేహం కొద్దీ హోమీ అతణ్ని పిలిపించి ఈ పాటను అతడి చేతికి ఇచ్చాడు. లానెగన్ గొంతు గురించి గరగర అని రాసేస్తే సరిపోదు. ఎక్కువ పొగ తాగిన మనిషి తెల్లవారుజామున, ఇంట్లో ఎవరినీ లేపకూడదని, గొంతు తగ్గించి మాట్లాడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. బాస్ గిటారు మెల్లగా నాలుగడుగులు నడుస్తుంది; గిటారు వెనక ఎక్కడో నిలబడి అప్పుడొక మాట, అప్పుడొక మాట అంటుంది; ఆ ఖాళీ మధ్యలో గొంతు వచ్చి కూర్చుంటుంది. పల్లవి దగ్గర హోమీ పలచని పై గొంతు లానెగన్ కింది గొంతుకు జత కలుస్తుంది. ఎక్కడా దంచడం లేదు. అయినా తొలి ఆల్బమ్‌లో ఏ పాటా మోయనంత బరువు ఇందులో ఉంది. గిటారు మౌనంగా ఉన్నంతసేపూ అది ఎప్పుడు లేస్తుందోనని చెవి ఎదురుచూస్తుంది. ఆ ఎదురుచూపుదే బరువంతా. అడుగు గీత తిన్నగా ఉన్నప్పుడే శిఖరం శిఖరంగా కనిపిస్తుందన్నది నాకు రోజూ చేతిలో ఉన్న సంగతే. పాటకు అది వర్తిస్తుందని తెలియడానికి ఆ బస్సు ప్రయాణం కావలసి వచ్చింది.

తరువాత రెండో వైపునే మొదటి నుంచి కూర్చుని విన్నాను. నాకు మెత్తదనంగా తోచిందంతా మరో రకంగా వినబడసాగింది. రెండో పాట "ద లాస్ట్ ఆర్ట్ ఆఫ్ కీపింగ్ ఎ సీక్రెట్" పైకి నున్నగా, రేడియోలో వేసుకోదగినట్టు ఉంటుంది. కానీ అది రహస్యం దాచుకోమని ఒకరికొకరు చెప్పుకునే పాట కనుక గొంతు బుజ్జగిస్తూ ఉంటుంది, ఆ బుజ్జగింపు కిందనే గిటారు పళ్లు కొరుకుతూ ఉంటుంది. నాలుగో పాట "ఆటో పైలట్" పాడింది బాస్ వాయించే నిక్ ఒలివేరి. ఇదే ఆల్బమ్‌లో మరి రెండు చోట్ల గొంతు చించుకుని అరిచిన మనిషే ఇక్కడ మత్తెక్కి సీట్లో వెనక్కి వాలినట్టు, ఊగుతున్న లయ మీద సన్నగా, మర్యాదగా పాడతాడు. ఇద్దరూ ఒక్కరేనని తెలిసిన రోజు నేను నమ్మలేదు. అయిదో పాట చేతి డ్రమ్ముల మీద, పొగలా నెమ్మదిగా మొదలై, ఒక చోట గిటారు విరుచుకుపడి, మధ్యలో హఠాత్తుగా వాయిద్యాలన్నీ తప్పుకుని గొంతులు మాత్రమే గాలిలో మిగిలి, మళ్లీ మొదటికి వస్తుంది. దాదాపు ఆరు నిమిషాల ఆ పాటలో గిటారు నిజంగా దంచేది ఎంతసేపని గడియారం పెట్టుకుని చూశాను. మూడో వంతు కూడా లేదు.

ఈ మార్పు ఎలా వచ్చిందని అడిగితే పెద్ద కంపెనీ ఒత్తిడి అని తేల్చేసేవారు అప్పట్లో చాలామంది ఉండేవారు, నేనూ వారిలో ఒకణ్ని. తొలి ఆల్బమ్ లూస్‌గ్రూవ్ అనే చిన్న సంస్థ నుంచి వచ్చింది, పెర్ల్ జామ్ అనే సియాటిల్ రాక్ బృందపు గిటారిస్టు స్టోన్ గాసర్డ్ నడిపినది. రెండోది ఇంటర్‌స్కోప్ అనే పెద్ద సంస్థ నుంచి. నిజమే. కానీ మందుల జాబితాను మొదటి పాటగా పెట్టమని ఏ కంపెనీ ఒత్తిడి చేస్తుంది? అసలు కారణం, నాకు తెలిసినంతలో, జాషువా ట్రీ అనే ఎడారి ఊళ్లోని ఒక ఇంట్లో ఉంది. రాంచో డి లా లూనా అనే ఆ ఇంటిని ఫ్రెడ్ డ్రేక్, డేవ్ క్యాచింగ్ అనే ఇద్దరు స్టూడియోగా మార్చారు. 1997 నుంచి హోమీ అక్కడ డెజర్ట్ సెషన్స్ అనే పేరుతో మిత్రులను పోగు చేసి, గదిలో ఏ వాయిద్యం కనబడితే అది చేతికి తీసుకుని, అక్కడికక్కడే పాట కట్టి రికార్డు చేయడం అలవాటు చేసుకున్నాడు. ఎవరి పాట ఎవరు పాడినా సరే, గిటారిస్టు డ్రమ్ములు వాయించినా సరే. "రేటెడ్ ఆర్"లోని ఆరో పాట "మాన్‌స్టర్స్ ఇన్ ద పారసాల్" మొదట అక్కడే పుట్టింది. తొలి ఆల్బమ్ ఇద్దరి పని అయితే, రెండోది ఆ ఇంటి వరండాను లాస్ ఏంజిలిస్‌కు ఎత్తుకొచ్చి పెట్టడం.

ఆ వరండాను దించిన చోటు వాన్ నైస్‌లోని సౌండ్ సిటీ స్టూడియో. 1991లో నిర్వాణ అనే రాక్ బృందం తన "నెవర్‌మైండ్" ఆల్బమ్‌ను రికార్డు చేసింది అక్కడే. హోమీతో పాటు నిర్మాత క్రిస్ గాస్. రికార్డింగు, మిక్సింగు పనిలో ట్రైనా షూమేకర్ అనే ఇంజనీరు చేయి ఉంది. ఆవిడ అంతకు ముందే గాయని షెరిల్ క్రో ఆల్బమ్‌కు ఇంజనీరింగులో గ్రామీ అందుకున్నారు, ఆ విభాగంలో అది గెలిచిన మొదటి మహిళ. ఈ ఆల్బమ్‌లో ఒక్కొక్క శబ్దం చుట్టూ ఉన్న జాగా వింటుంటే ఈ నియామకం ఎంత సరైనదో తెలుస్తుంది. డ్రమ్ములు జీన్ ట్రౌట్‌మన్, నిక్ లుసేరో పంచుకున్నారు. వైబ్రాఫోన్, స్టీల్ డ్రమ్ములు వాయించింది స్క్రీమింగ్ ట్రీస్ డ్రమ్మరు బారెట్ మార్టిన్. నేను తియ్యటి లోహపు మోత అని ఈసడించుకున్నది ఆయన చేతి పనే. ఇంతమంది ఉన్న చోట ఒక్క గిటారు గది నిండా కాళ్లు చాపుకుని కూర్చోలేదు. పక్కవాడికి చోటిచ్చి సర్దుకోవాలి. మెత్తబడడం అని నేను పేరు పెట్టినదంతా ఈ సర్దుకోవడమే.

ఆల్బమ్ మొత్తాన్ని నెత్తిన పెట్టుకోమని నా ఉద్దేశం కాదు. ఏడో పాట "క్విక్ అండ్ టు ద పాయింట్‌లెస్" రెండు నిమిషాలు కూడా లేదు. ఒలివేరి కేకలు, వెనక చప్పట్లు, అయిపోయింది. పేరే ఒప్పుకుంటోంది కనుక దాన్ని తప్పు పట్టడం కూడా కష్టమే. తొమ్మిదోది "టెన్షన్ హెడ్" కూడా ఒలివేరి అరుపే, అతడి మరో బృందం మాండో జనరేటర్ పాటకు మరో రూపం. ఈ రెంటి మధ్యన లానెగన్ పాట పడడం మొదట్లో నాకు అన్యాయంగా తోచేది. ఇప్పుడు కొంత ఊరుకున్నాను. అటూ ఇటూ ఆ గోల లేకపోతే మధ్యలో నిశ్శబ్దం అంత లోతుగా ఉండదని నా మిత్రుడు వాదిస్తాడు. ఒక్క విషయంలో మాత్రం అతడితో ఇప్పటికీ కుదరదు. "ఇన్ ద ఫేడ్" చివర, పాట సన్నగిల్లి ఆగిపోబోతున్న చోట, మొదటి పాటలోని మందుల జాబితా మళ్లీ వచ్చి పడుతుంది. అతడికి అది చమత్కారం. నాకు మాత్రం, పిల్లవాణ్ని జోకొట్టి నిద్రపుచ్చిన మరుక్షణం వాకిట్లో ఎవరో బుల్లెట్ బండి స్టార్టు చేసినట్టు ఉంటుంది.

పదో పాట "లైట్నింగ్ సాంగ్" రెండు నిమిషాల చిన్న వాద్య సంగీతం, డేవ్ క్యాచింగ్ తెచ్చినది. అకూస్టిక్ గిటారు మీద ఒక చిన్న పలుకు, కింద చేతి డ్రమ్ములు, మాటలు లేవు. దాని తరువాత చివరి పాట "ఐ థింక్ ఐ లాస్ట్ మై హెడేక్". చిన్నప్పుడు మా వీధిలో సంగీతం మాస్టారి దగ్గర తొడ మీద తాళం వేయడం మట్టుకు నేర్చుకుని మానేసిన నేను, ఈ పాటకు నాలుగు నాలుగుగా తాళం వేస్తూ పోయి ప్రతిసారీ బోల్తా పడ్డాను. ఆవర్తనం చివర ఒక దెబ్బ తగ్గుతుంది. చేయి ఇంకా గాల్లో ఉండగానే పాట మళ్లీ మొదటికి వెళ్లిపోతుంది. మెట్లు దిగుతూ ఇంకొక మెట్టుందనుకుని కాలు వేస్తే నేల తగిలినట్టు ఉంటుంది. తలనొప్పి పోగొట్టుకున్నవాడి పాటకు ఇంతకన్నా తగిన తాళం ఏముంటుంది?

ఎనిమిది నిమిషాలు దాటిన ఆ పాటలో చివరి భాగమంతా బాకాలదే. గొంతు వెళ్లిపోతుంది, గిటారు కూడా వెనక్కి తగ్గుతుంది, బాకాలు మాత్రం ఆ ఒంటి దెబ్బ తక్కువ పలుకునే పట్టుకుని తిప్పుతూనే ఉంటాయి. మా ఊళ్లో పెళ్లి ఊరేగింపు విడిదికి చేరి, పెళ్లికొడుకు కారు దిగి లోపలికి వెళ్లిపోయాక కూడా, బ్యాండు మేళం వాళ్లు వీధి మలుపులో నిలబడి అదే ముక్కను కొంతసేపు వాయిస్తూ ఉండేవారు. ఆపమని చెప్పవలసినవాళ్లు లోపల భోజనాల హడావుడిలో ఉండేవారు. ఈ బాకాలు విన్నప్పుడల్లా నాకు ఆ మలుపే కళ్ల ముందుకు వస్తుంది. తొలి ఆల్బమ్‌లో గిటారు చేసిన తిరగలి పనే ఇది, వాయిద్యం మాత్రం మారింది. హోమీ తన పద్ధతిని వదులుకోలేదు, దాన్ని ఇతరుల చేతికి ఇచ్చాడు.

ఈ ఆల్బమ్ వచ్చిన ఏడాది ఇంగ్లండులో ఎన్‌ఎమ్‌ఈ అనే సంగీత పత్రిక దాన్ని ఆ సంవత్సరపు మేటి ఆల్బమ్‌గా ఎంచింది. మరుసటి జనవరిలో బ్రెజిల్‌లో రాక్ ఇన్ రియో వేదిక మీదికి ఒలివేరి నూలుపోగు లేకుండా ఎక్కి వాయించి, అరెస్టయ్యాడు. 2002లో వచ్చిన మూడో ఆల్బమ్‌లో డ్రమ్ముల ముందు ఒకప్పటి నిర్వాణ డ్రమ్మరు డేవ్ గ్రోల్ కూర్చున్నాడు, బృందం మరింత పెద్ద జనానికి చేరింది. లానెగన్ ఆ తరువాత ఆల్బమ్‌లలోనూ వచ్చి పాడుతూ ఉండేవాడు. 2022 ఫిబ్రవరి 22న ఐర్లండులోని కిలార్నీలో, 57 ఏళ్ల వయసులో చనిపోయాడు. వార్త చూసిన రాత్రి నేను ఆ పాట పెట్టుకుని, చివర్లో జాబితా వచ్చే ముందే ఆపేశాను. ఆ ఒక్క రాత్రికి నా మిత్రుడు కూడా అభ్యంతరం చెప్పలేదు.

ఇక తెగిపోయిన ముక్క సంగతి. తొలి ఆల్బమ్‌ను 2011లో హోమీ తన సొంత సంస్థ ద్వారా, కొన్ని అదనపు పాటలు చేర్చి, మళ్లీ విడుదల చేశాడు. నా క్యాసెట్టు అప్పటికే రీలు నలిగి, పెన్సిలుతో తిప్పితే తప్ప కదలని స్థితిలో ఉంది. కొత్త విడుదల దొరకగానే నేను మొదట చేసిన పని, నాకు తొమ్మిదేళ్లుగా బాకీ ఉన్న ఆ చివరి నిమిషానికి నేరుగా వెళ్లడం. పాట అయిపోతుంది. తరువాత వినబడేది పాట కాదు, టెలిఫోను ఆన్సరింగ్ మెషీన్‌లో ఎవరో వదిలిన సందేశం. ఆ గొంతు నిక్ ఒలివేరిది. కయస్ తొలి రోజుల్లో హోమీతో కలిసి వాయించి విడిపోయిన మనిషి, నీ బృందంలో చేరుతున్నానని ఫోను చేసి చెబుతున్నాడు. ఇద్దరు మనుషుల ఆల్బమ్ మూడో మనిషి అడుగు చప్పుడుతో ముగిసింది. నా 45 నిమిషాల రీలు సరిగ్గా ఆ తలుపు చప్పుడు ముందు తెగింది.

రెండో వైపు మాత్రం తక్కువ పడలేదు. "రేటెడ్ ఆర్" 42 నిమిషాలలో ముగిసి, బాకాలు ఆగిపోయాక, దాదాపు మూడు నిమిషాల ఖాళీ రీలు మిగిలేది. ఇప్పుడు ఫోనులో వింటుంటే ఆ పాట అయిపోగానే యాప్ తనకు తోచిన మరో బృందం పాటను అందుకుంటుంది. వద్దని సెట్టింగులలో ఆపి పెట్టాను. బాకాలు ఆగాక మూడు నిమిషాలు ఏమీ పెట్టను. ఖాళీ రీలు తిరిగే ఆ సన్నని రొద ఫోనులో లేదు గనుక, ఆ కాస్త సేపు వంటింట్లో పొయ్యి మీద నీళ్లు మరిగే శబ్దంతో సరిపెట్టుకుంటున్నాను.